కారు స్టార్ట్ కాలేదా? స్పానర్ కంటే ముందు చెవికి పని చెప్పండి



మార్చి దగ్గర పడింది. పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో పరీక్షల ఉదయాలు మొదలవుతాయి. హాల్‌టికెట్, రెండు పెన్నులు, స్కేలు, వాటర్ బాటిల్ అన్నీ రాత్రే సర్దిపెట్టుకుంటాం. తెల్లారి అమ్మాయిని కారెక్కించి కీ తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఈ నెల పాఠం ఆ చప్పుడు గురించే. నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పే టీచర్ని, మెకానిక్‌ని కాను. కానీ ఈ విషయంలో ఫీజు కట్టి మరీ నేర్చుకున్నాను, అందుకే రాస్తున్నాను.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న పెట్రోల్ కారు. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు ప్రీ-ఫైనల్ పరీక్ష రోజు ఉదయం సెల్ఫ్ తీసుకోలేదు. హారన్ కొట్టి చూశాను, గట్టిగానే మోగింది. హెడ్‌లైట్లు వేశాను, సెల్లార్ గోడంతా వెలిగింది. ‘బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది, సెల్ఫ్ మోటారే పోయింది’ అని అక్కడికక్కడే తీర్పు ఇచ్చేశాను. ఆటోలో వెళ్లాం. పావుగంట ఆలస్యమైంది. మా స్కూలు పరీక్షే కాబట్టి లోపలికి రానిచ్చారు.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. “సెల్ఫ్ మోటారు పోయిందయ్యా, చూడు” అన్నాను. అతను విప్పాడు, తీసుకెళ్లి బుష్‌లు, బ్రష్‌లు మార్పించి తెచ్చి బిగించాడు. మూడు వేల రెండు వందలు. బండి పువ్వులా స్టార్ట్ అయింది. మూడు వారాలు గడిచాయి. మళ్లీ ‘టక్’.

ఈసారి ఆదివారం. తొందర లేదు. మా అమ్మాయి విద్యుత్ పాఠం మీద స్లిప్ టెస్టుకు చదువుకుంటోంది. పుస్తకంతోనే కిందికి దిగి వచ్చి, “నాన్నా, బ్యాటరీలో వోల్టేజీ ఉంటే, వైరు తెగకపోతే, కరెంటు ఎందుకు రాదు?” అంది. నేను రోజూ క్లాసులో అడిగే ప్రశ్నే. కారు దగ్గర నాకు తట్టలేదు.

ఒక చిన్న లెక్క

మల్టీమీటరు తెచ్చాం. బ్యాటరీ మీద సీసపు దిమ్మలు రెండు ఉంటాయి కదా, ప్లస్, మైనస్. వాటిని పట్టుకుని ఉండే క్లాంపులు కేబుళ్ల చివర ఉంటాయి. మైనస్ దిమ్మ మీద ఒక ప్రోబు, దాన్ని పట్టుకున్న క్లాంపు మీదే రెండో ప్రోబు పెట్టాను. రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి, మధ్యలో సున్నా రావాలి. మా ఆవిడ లోపల కూర్చుని కీ తిప్పింది. మీటరు 6 వోల్ట్లు దాటింది.

అంటే 12 వోల్ట్ల బ్యాటరీలో సగం బలం ఆ వెంట్రుకవాసి ఖాళీలోనే కరిగిపోతోంది. అక్కడ కంటికి సరిగా ఆనని తెల్లటి పొర పేరుకుంది. దాని నిరోధం, అదే రెసిస్టెన్స్, ఎంత ఉండి ఉంటుంది? మహా అయితే 0.05 ఓమ్. లెక్కలో వదిలేసేంత చిన్న సంఖ్య. కానీ హెడ్‌లైట్లు రెండూ కలిపి సుమారు 110 వాట్లు, అంటే 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. ఓమ్ నియమం ప్రకారం 9 ని 0.05 తో గుణిస్తే 0.45 వోల్ట్. 12 లో అర వోల్ట్ పోతే లైటు తగ్గిందని మన కంటికి తెలియను కూడా తెలియదు. అదే సెల్ఫ్ మోటారుకు చిన్న బండిలోనైనా వంద ఆంపియర్లకు పైగా కావాలి. 120 అనుకోండి. 120 ని 0.05 తో గుణిస్తే 6 వోల్ట్లు. మోటారుకు మిగిలేది సగం. అది ఇంజన్ని తిప్పలేదు, ‘టక్’ అని ఊరుకుంటుంది.

కాబట్టి లైట్లు వెలుగుతున్నాయి, బ్యాటరీ బాగుంది అనే మాట తప్పు. లైటు అడిగేది చెంచాడు, సెల్ఫ్ అడిగేది బిందెడు. చెంచాడు ఇచ్చినంత మాత్రాన బిందెడు ఇవ్వగలదని కాదు.

మరి మెకానిక్ బాగుచేశాక మూడు వారాలు ఎలా నడిచింది? సెల్ఫ్ మోటారు విప్పేముందు ఎవరైనా బ్యాటరీ మైనస్ క్లాంపు తీస్తారు, తర్వాత మళ్లీ బిగిస్తారు. ఆ తీసి బిగించడంలో పొర కాస్త గీసుకుపోయింది. బండిని నడిపించింది అదే, మూడు వేల రెండు వందల పని కాదు. మెకానిక్‌ది తప్పని నేను అనను. రోగం పేరు నేనే చెప్పాను, అతను దానికి మందు వేశాడు.

శబ్దాన్ని బట్టి

కీ తిప్పినప్పుడు ఏం వినిపించిందో, డాష్‌బోర్డు మీద ఏం కనిపించిందో మొదట గమనించండి. అప్పుడే సగం రోగం తేలిపోతుంది. ముందుగా బండి న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయండి.

డాష్‌బోర్డు మీద లైట్లే రాకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా క్లాంపు ఊడి ఉండాలి, లేదా మెయిన్ ఫ్యూజు పోయి ఉండాలి. ఇది తేలిక.

లైట్లు వస్తాయి, కీ తిప్పితే ‘టక్’ కూడా లేదు. అప్పుడు ముందు ఖర్చులేని కారణాలు చూడండి. కొత్త మోడళ్లలో కొన్నింటికి క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ పనిచేస్తుంది. ఆటోమేటిక్ అయితే గేరు పీ లోనో ఎన్ లోనో ఉండాలి. తాళం బొమ్మ లైటు ఆగకుండా మిణుకుతుంటే బండి ఆ కీని గుర్తు పట్టడం లేదన్నమాట. బీరువాలో ఉన్న రెండో కీ తెచ్చి చూడండి. తర్వాత ఫ్యూజులు, రిలేలు. ఫ్యూజు బాక్సు మూత మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఏది దేనికో ఉంటుంది. సెల్ఫ్ రిలే మీదా, హారన్ రిలే మీదా ఒకే నంబరు ఉంటే రెండింటినీ అటుదిటు మార్చి చూడవచ్చు, పైసా ఖర్చు లేని పరీక్ష. కానీ పోయిన ఫ్యూజు స్థానంలో వైరు ముక్కో, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజో పెట్టకండి. బండి అంటుకునేది అలాంటి పనులతోనే.

‘టక్’ అని ఒక్కసారి, లేదా ‘టకటకటక’ అని వరసగా వస్తే, బండి ముందు భాగం గోడవైపు ఉండగా హెడ్‌లైట్లు వేసి కీ తిప్పండి. నేను ఆ రోజు చేయనిది ఇదే. లైట్లు చూశాను గానీ కీ తిప్పుతూ చూడలేదు. కీ తిప్పినప్పుడు లైట్లు బాగా మసకబారితే లోపం బ్యాటరీలోనో, బ్యాటరీ మీది క్లాంపుల్లోనో ఉంది. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ ‘టక్’ మాత్రమే వస్తే అప్పుడు సెల్ఫ్ మోటారును, దానికి వెళ్లే కేబుల్‌ను అనుమానించాలి.

ఇంజన్ నీరసంగా, ముక్కుతూ తిరుగుతుంటే అది కూడా ఎక్కువగా బ్యాటరీ కథే.

ఇంజన్ హుషారుగా తిరుగుతోంది, అందుకోవడం లేదు. ఇక బ్యాటరీని వదిలేయండి. పెట్రోలు, స్పార్క్, కీ, ఈ మూడింటి వైపు చూడాలి. కీ ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు మూడు సెకన్లు ‘జుయ్’ అని సన్నటి చప్పుడు రావాలి. అది ట్యాంకులోని పెట్రోల్ పంపు. ఆ చప్పుడు వినిపించకపోతే దాని ఫ్యూజు, రిలే చూడండి. చప్పుడు ఉండి, పెట్రోలు ఉండి, అయినా అందుకోకపోతే ఇంటి పరీక్ష అక్కడితో ఆపి మెకానిక్‌కు ఫోన్ చేయడమే మంచిది. పాత స్కూటర్ల రోజుల్లో ప్లగ్గు ఊడదీసి, బాడీకి తాకించి స్పార్క్ చూసేవాళ్లం. ఇప్పటి బండ్లలో కాయిల్ వేల వోల్ట్లు ఇస్తుంది, కంప్యూటరు దెబ్బతినొచ్చు, పక్కన పెట్రోలు ఆవిరి ఉంటుంది. ఆ సరదా వద్దు. ఒక్కో ప్రయత్నం పది సెకన్లు దాటనివ్వకండి, మధ్యలో కనీసం అర నిమిషం సెల్ఫ్‌కు విశ్రాంతి ఇవ్వండి.

సెల్లార్లో ఉండే బండ్లకు ఇంకో శత్రువు ఎలుక. బానెట్ ఎత్తగానే కొరికిన వైర్లు, గుడ్డ పీలికలు కనిపిస్తే మీటరుతో పనే లేదు.

మీటరు చెప్పే నాలుగు సంఖ్యలు

మామూలు డిజిటల్ మల్టీమీటరు రెండు మూడు వందల రూపాయలకు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. చిన్న కారుకు కొత్త బ్యాటరీ నాలుగైదు వేలు. మీటరు ఒక్కసారి అక్కరలేని బ్యాటరీని ఆపినా దాని ఖరీదు వచ్చేసినట్టే. మీటరును డీసీ 20 వోల్ట్ల దగ్గర పెట్టండి. ఎర్ర వైరు వోల్ట్ల రంధ్రంలోనే ఉందని రెండుసార్లు చూసుకోండి. పొరపాటున 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి బ్యాటరీకి తాకిస్తే షార్ట్ అవుతుంది.

రాత్రంతా ఆగి ఉన్న బండికి ఉదయాన్నే చూస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్ట్లు చూపిస్తుంది. లోపల ఆరు సెల్స్, ఒక్కోదానికి 2.1 చొప్పున. 12.2 అంటే దాదాపు సగం. 12 కు దిగితే పావు వంతు మిగిలినట్టు. ఇక్కడ చాలామంది తేలిగ్గా పొరబడతారు. 12 వోల్ట్ల బ్యాటరీ 12 చూపిస్తే బాగున్నట్టే కదా అనుకుంటారు.

రెండోది, కీ తిప్పుతుండగా చూసే రీడింగు. అప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. చార్జింగ్ చేశాక కూడా పడుతుంటే ఆ బ్యాటరీకి వయసైపోయింది. మన ఎండలకు బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. వేడికి లోపలి ప్లేట్లు తొందరగా తినేసుకుపోతాయి, నీరు ఆవిరవుతుంది.

మూడోది, బండి స్టార్ట్ అయ్యాక. మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇంజన్ నడుస్తున్నా 13 కూడా దాటకపోతే చార్జింగే జరగడం లేదు. మెకానిక్‌లు డైనమో అంటారు చూడండి, ఆ ఆల్టర్నేటరునో, దాని బెల్టునో చూపించాలి. ఈ స్థితిలో కొత్త బ్యాటరీ వేసినా ఎక్కువ రోజులు లాగదు.

నాలుగోది మేం చేసిన క్లాంపు పరీక్ష. కీ తిప్పుతుండగా దిమ్మకూ క్లాంపుకూ మధ్య 0.2 వోల్ట్ లోపు ఉంటే సరే. అర వోల్ట్ దాటితే శుభ్రం చేయాల్సిందే. ప్లస్ వైపూ చేయండి. తర్వాత మైనస్ దిమ్మకూ, ఇంజన్ లోహానికీ మధ్య కూడా చూడండి. కొన్నిసార్లు బ్యాటరీ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ కేబుల్ తుప్పు పట్టి ఇదే నాటకం ఆడుతుంది. ఈ పరీక్ష మధ్యలో బండి నిజంగానే స్టార్ట్ కావచ్చు. చేతులు, చున్నీ, వైర్లు ఫ్యాను, బెల్టుల దగ్గర ఉండకూడదు.

వంటసోడా పాఠం

శుభ్రం చేయడానికి కావలసింది 10 నంబరు స్పానరు, పాత టూత్‌బ్రష్, చెంచాడు వంటసోడా, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు. చేతి గడియారం, ఉంగరాలు తీసేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం, పిల్లలను చూడనివ్వండి గానీ మూరెడు దూరం నుంచి.

ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. ఎందుకో పిల్లలనే అడగండి. కారు బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే, స్పానరు జారి బాడీకి తగిలిందంటే నేరుగా షార్ట్. మైనస్ తీసేశాక తగిలినా ఏమీ కాదు.

సోడా నీళ్లలో బ్రష్ ముంచి రుద్దితే బుసబుసా నురగ వస్తుంది. ఆమ్లం, క్షారం కలిసి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తోంది. పదో తరగతి రసాయనశాస్త్రం కళ్లముందే. తెల్లపొడి ఎక్కువగా సీసం సల్ఫేటు, నీలి ఆకుపచ్చ ఛాయ ఉంటే రాగి కేబుల్ తినేసుకుపోతోందని గుర్తు. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోనివ్వకండి. మంచినీళ్లతో తుడిచి, ఆరాక దిమ్మనూ, క్లాంపు లోపలి వైపునూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. చేత్తో తిప్పితే కదలనంతగా బిగించి, పైన వాజిలైన్ రాయండి. బిగించాక రాయాలి, ముందు కాదు. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. కొళాయి నీళ్లు గానీ, ఇంట్లో ఫిల్టరు నీళ్లు గానీ వద్దు.

మాకు ఈ పని అరగంట పట్టింది. సోడా వంటింట్లోదే.

పరీక్ష రోజు ఉదయం అయితే

ఆ రోజు ఇవన్నీ చేసే టైము ఉండదు. పక్కింటివాళ్ల బండితో జంపర్ కేబుల్ వేసుకోవడం త్వరగా అయ్యే పని. ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత బాగున్న బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబుల్ బాగున్న బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో చివర దిగిపోయిన బండి ఇంజన్ మీద పెయింటు లేని లోహానికి. ఆ చివరి కొస బ్యాటరీకి దూరంగా ఉండాలి. తగిలించేటప్పుడు నిప్పురవ్వ ఎగురుతుంది, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వచ్చే అవకాశం ఉంది. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా అసలు ఈ పని చేయకండి. కేబుల్ కొనేటప్పుడు చవకని సన్నటివి తీసుకోకండి. పొరలో పోయిన 6 వోల్ట్లు ఈసారి కేబుల్లో పోతాయి, అదే ఓమ్ నియమం.

తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేరు బండికే కుదురుతుంది. ఇంజన్ ఆగి ఉంటే బ్రేకు గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ మొరాయిస్తుంది. సెల్లార్ ర్యాంపు మీద ఆ ప్రయోగం వద్దు. యూనిఫాంలో ఉన్న పిల్లల చేత తోయించడం మరీ వద్దు. రెండు ప్రయత్నాల్లో కాకపోతే కారు వదిలేసి ఆటో పిలవండి, కారు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు నీట మునిగాయి. అలా నీళ్లలో నిలబడిన బండికి పైన చెప్పిన ఒక్క పరీక్షా చేయకూడదు, కీ కూడా తిప్పకూడదు. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొన్ని వేలతో పోయే పని ఇంజన్ మార్చేదాకా వెళుతుంది. టోయింగ్ బండిని పిలవడమే.

మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు “సెల్ఫ్ పోయింది” అని నాలాగా తీర్పు చెప్పకండి. “బ్యాటరీ 12.5 ఉంది, కీ తిప్పితే ఒక్క టక్, లైట్లు తగ్గడం లేదు, క్లాంపులు శుభ్రం చేశాం” అని చెప్పండి. అతను కావలసిన సామాను వెంట తెచ్చుకుంటాడు, రెండుసార్లు తిరగడు.

పిల్లలకు ఒక లెక్క. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు డిక్కీ మూత సరిగా పడక లోపలి 5 వాట్ల బల్బు వెలుగుతూ ఉండిపోయింది. బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. ఎన్ని గంటల్లో పూర్తిగా దిగిపోతుంది? సగం చార్జి ఉన్నప్పుడే సెల్ఫ్ మొరాయిస్తుందనుకుంటే, ఎన్నో రోజుకు బండి స్టార్ట్ కాదు? మీ ఇంటి బండి మొదటి మూడు రీడింగులు కూడా పక్కనే రాసి తెస్తే ఫిజిక్స్ ల్యాబ్ రికార్డులో అతికిద్దాం.

మా బండి బ్యాటరీకి ఇప్పుడు నాలుగో ఏడు. పోయిన ఆదివారం క్లాంపులు శుభ్రంగానే ఉన్నాయి, ఇంజన్ నడుస్తుండగా 14.1 వచ్చింది, కీ తిప్పినప్పుడు మాత్రం 9.4 కు పడింది. చార్జింగ్ పెట్టించి మళ్లీ చూశాం, అంతే. ఈసారి కొత్త బ్యాటరీ కొంటున్నాం, మార్చి మొదటి తారీఖులోపే.